మొక్కలెక్కిన బస్సు

కోచ్ పోయిన రోజున కూడా బస్సులో ఎవరూ తమ చోటు మారలేదు. ఆస్పత్రి నుంచి తిరిగి వస్తున్నప్పుడు ముందు వరసల్లో ఫార్వర్డ్‌లు, వాళ్ల వెనక మిడ్‌ఫీల్డర్లు, ఆ వెనక డిఫెండర్లు, అందరికంటే వెనక గోల్‌కీపర్. మైదానంలో ఎలా నిలబడతారో బస్సులోనూ అలాగే కూర్చున్నారు. అది ఆయన పెట్టిన పద్ధతి. "మైదానంలో ఎవరి పక్కన ఆడతారో బస్సులోనూ వాళ్ల పక్కనే కూర్చోండి. కబుర్లు చెప్పుకోలేనివాళ్లు బంతినేం ఇచ్చిపుచ్చుకుంటారు?" అనేవాడు. ఆయన మాత్రం తలుపు పక్కన, డ్రైవరుకు ఇవతలగా ఉన్న ఒంటి సీట్లో, రోడ్డుకు వీపు పెట్టి అమ్మాయిల వైపు తిరిగి కూర్చునేవాడు. ఆ రోజు ఆ సీటొక్కటే ఖాళీగా ఉంది.

బస్సు నడుపుతున్నవాడికి ఆయన స్వయానా బావ, అక్క మొగుడు. ఆఖరి వరసలో కిటికీకి తల ఆన్చి కూర్చున్న గోల్‌కీపర్ ఆయన కూతురు, ఇతనికి మేనకోడలు. జట్టుకు కెప్టెన్ కూడా ఆమే. ఆమె డ్రైవరును మావయ్యా అంటుంది. మిగతా జట్టంతా బాబాయ్ అంటుంది. బస్సుకేమో పెద్దక్క అని పేరు పెట్టుకున్నారు. దానికి వయసు మీద పడింది, గొంతు పెద్దది, అయినా అందరినీ ఒళ్లో పెట్టుకుని తిప్పుతుంది కాబట్టి.

ఆ బస్సులో తిరుగు ప్రయాణాలే అసలు ప్రయాణాలు. ఊరు దాటగానే కోచ్ తన సీట్లోంచి, "ఏం చూశారు?" అని అడిగేవాడు. ఒక్కొక్కరూ లేచి, ఆటలో పక్కవాళ్లు చేసిన మంచి పని ఒకటి చెప్పాలి. తన గురించి తను చెప్పుకోకూడదు, ఏడవకూడదు. "నీ తప్పేంటో నీకు తెలుసు. దాన్ని నా చెవిలో పొయ్యక్కర్లేదు" అనేవాడు. ఓడిపోయి ముఖాలు వేలాడేసుకుని ఎక్కినవాళ్లు, ఇల్లు చేరేసరికి నవ్వుకుంటూ దిగేవాళ్లు. డ్రైవరును కూడా అడిగేవాడు. "నేను రోడ్డు చూశాను బావా, అది చాలదా?" అనేవాడు అతను. ఏ మ్యాచ్ తర్వాతైనా అదే జవాబు. ఏ మ్యాచ్ తర్వాతైనా అందరూ అంతే నవ్వేవాళ్లు.

ఆయన పోయిన నెలకు, క్లబ్బు మేనేజరు బస్సు షెడ్డుకు వచ్చి శుభవార్త చెప్పాడు. కొత్త స్పాన్సరు దొరికాడట. ఇకమీదట పక్క నగరాల మ్యాచ్‌లకు జట్టు విమానంలో వెళుతుందట.

"పక్క నగరానికా సార్?" అన్నాడు డ్రైవరు. "విమానం పైకి లేచేలోపే వచ్చేస్తుందే!"

"అందుకే కదా బాబాయ్‌గారూ, అలసట ఉండదు."

"మరి పెద్దక్క?"

"బస్సూ వస్తుంది. ఎయిర్‌పోర్టు నుంచి స్టేడియానికి మన బస్సులోనే దిగాలి. స్పాన్సరు పేరు దాని మీదే కదా రాయించాం. మీరు పొద్దున్నే ఖాళీగా బయల్దేరి అక్కడికి వచ్చెయ్యండి. మ్యాచ్ అయ్యాక వాళ్లను ఎయిర్‌పోర్టులో దింపి, మళ్లీ ఖాళీగా వచ్చి ఇక్కడి ఎయిర్‌పోర్టులో ఎక్కించుకోండి."

డ్రైవరు ఆ మాటలు ఒకటికి రెండుసార్లు మనసులో తిప్పి చూసుకున్నాడు. ఎటు తిప్పినా అదే అర్థం వచ్చింది. మనుషులు పైన పోతారు, వాళ్ల సీట్లు కింద పోతాయి.

ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్లి మొర పెట్టుకున్నాడు. ఆమె బీరువాలోంచి భర్త చొక్కాలు తీసి, మడతలు విప్పి, మళ్లీ అవే మడతలు పెడుతోంది.

"నీ మేనకోడలితో నువ్వే మాట్లాడుకోరా" అంది. "నాతోనూ అంతంతమాత్రమే. ఏమడిగినా 'బాగానే ఉన్నానమ్మా' అంటుంది. బాగున్నవాళ్లెవరైనా రోజుకి అన్నిసార్లు అంటారా?"

అదీ అతని బెంగ. బస్సు ఖాళీగా పోతోందని కాదు. అంటే, అదీ ఉంది. కానీ వాళ్ల నాన్న పోయినప్పటి నుంచి ఆ పిల్ల తనతో నాలుగు మాటలు మాట్లాడలేదు. ఎప్పుడో ఒక తిరుగు ప్రయాణంలో, ఊరు దాటాక, నోరు విప్పకపోతుందా అని ఆశ పెట్టుకున్నాడు. ఇప్పుడు తిరుగు ప్రయాణమే లేకుండా పోయింది.

మొదటి విమాన ప్రయాణం ఘనంగా జరిగింది. చిన్న విమానం. అమ్మాయిలు లోపలికి వెళ్లగానే, టికెట్ల మీద ఏం రాసి ఉందో చూడకుండా, అలవాటు చొప్పున ఫార్వర్డ్‌లు ముందుకీ డిఫెండర్లు వెనక్కీ సర్దుకుని కూర్చున్నారు. ఆ సీట్లలో ఉన్న పెద్దమనుషులను బతిమాలి లేపారు కూడా. విమానం సిబ్బందికి తల ప్రాణం తోకకొచ్చింది. చిన్న విమానంలో బరువు ఎక్కడెంత ఉండాలో ముందే లెక్క వేసుకుంటారట. ఎవరి సీట్లలో వాళ్లు కూర్చుంటే గానీ కదిలేది లేదన్నారు. వాళ్లను విడదీసి ఎక్కడివాళ్లను అక్కడ కూర్చోబెట్టేసరికి విమానం ఆలస్యమైంది. కింద రోడ్డు మీద పెద్దక్క తన దారిన తాను వెళ్లి, ఎయిర్‌పోర్టు బయట చెట్టు నీడన ఆగి, డ్రైవరు టీ తాగి, అద్దాలు తుడుచుకునే దాకా వాళ్లు దిగలేదు.

అవతలి జట్టు అభిమానులకు ఈ సంగతి ఎలా తెలిసిందో గానీ, స్టేడియంలో పెద్ద గుడ్డ ఒకటి వేలాడదీశారు. 'బస్సుకు స్వాగతం! జట్టు ఏది?' అని ఉంది దాని మీద. మర్నాడు పత్రికలో ఆ గుడ్డ ఫొటోయే వేశారు. కింద ఎవరో పెద్దాయన ఇంత పొగ ఎందుకయ్యా అని రాశాడు. ఒకే దారికి విమానం ఒకటి, వెనకాలే ఖాళీ బస్సు ఒకటి, వీళ్లు ఆటకు వెళుతున్నారా, దండయాత్రకు వెళుతున్నారా అని.

మేనేజరు మనసు చివుక్కుమంది. చెడ్డవాడు కాదు. జట్టంటే ప్రాణం. ఆట నియమాల్లో సగం ఇప్పటికీ తెలియవు గానీ, జట్టు గెలిస్తే ఆఫీసులో అందరికంటే ముందు ఏడ్చేది అతనే. రెండ్రోజులు ముఖం ముడుచుకుని తిరిగి, మూడోనాడు వెలిగిపోతూ షెడ్డుకు వచ్చాడు.

"బాబాయ్‌గారూ! గోలుకో మొక్క!"

"అంటే?"

"మనవాళ్లు ఎన్ని గోల్స్ కొడితే అన్ని మొక్కలు నాటుతాం, ఆ స్టేడియం బయటే. పొగకు సమాధానం చెప్పినట్టూ ఉంటుంది, పచ్చగానూ ఉంటుంది. మొక్కలు మన బస్సులో వస్తాయి. ఎలాగూ ఖాళీయే కదా."

మరుసటి మ్యాచ్ పొద్దున షెడ్డు ముందు వ్యాన్ ఆగి మొక్కలు దింపింది. నల్ల సంచుల్లో, మట్టి కుండీల్లో, కొన్ని మోకాలెత్తు, కొన్ని మనిషెత్తు. దింపుతున్న కొద్దీ దిగుతూనే ఉన్నాయి.

"ఇన్ని గోల్సే!" అన్నాడు డ్రైవరు. "అవతలివాళ్లు ఇళ్లకు వెళ్లిపోయినా ఇన్ని కొట్టలేం సార్."

"చేతిలో ఉండటం మంచిది. ఆకులు నలగకూడదు. కింద సామాను పెట్టెలో వెయ్యకండి, సీట్ల మీద పెట్టండి."

"మరి అమ్మాయిలు?"

"వాళ్లు విమానంలో వస్తారుగా!" అన్నాడు మేనేజరు.

ఎయిర్‌పోర్టు నుంచి స్టేడియానికి వాళ్లు ఎక్కాల్సింది ఈ బస్సేనన్న సంగతి డ్రైవరు నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపేశాడు. నోరు మూసుకోవడంలో ఇంత సుఖం ఉంటుందని అతనికి అంతవరకూ తెలియదు.

మొక్కలను ఒక్కొక్కటే సీట్లలో పెట్టి బెల్టులు కట్టాడు. పొట్టిగా గుబురుగా ఉన్నదాన్ని మొదటి వరసలో, 'బొంగరం' చోట పెట్టాడు. బొంగరం జట్టులో అందరికంటే చురుకైన ఫార్వర్డ్, ఒక్కచోట నిలవదు. మందపాటి కాండం ఉన్నదాన్ని 'గోడ' చోట పెట్టాడు. గోడ డిఫెండర్. పొడుగాటి మొక్కలన్నీ ఆఖరి వరసలో, కొమ్మలు పైకప్పుకు తగిలేలా బిగించి నిలబెట్టాడు. చివరికి చేతిలో ఒక్క కుండీ మిగిలింది. తలుపు పక్క ఒంటి సీటు ఒక్కటి మిగిలింది. కాసేపు నిలబడి, కుండీని నడవలో పెట్టి, వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు.

దారంతా మొక్కలతో మాట్లాడాడు. మలుపు వస్తే, "పట్టుకోండమ్మా" అన్నాడు. గతుకు వస్తే, "నా తప్పు కాదే, రోడ్డేసినవాడి తప్పు" అన్నాడు. అద్దంలో చూస్తే సీట్లన్నీ నిండుగా, ఆకులు తలలూపుతూ కనిపించాయి. చాలా రోజుల తర్వాత ఈల వేశాడు.

విమానం దిగి బయటికి వచ్చిన అమ్మాయిలు బస్సు తలుపు దగ్గరే ఆగిపోయారు.

"బాబాయ్! నా సీట్లో ఎవరో కూర్చున్నారు!" అని అరిచింది బొంగరం.

"కొత్త ఫార్వర్డ్. నీకంటే కుదురుగా ఉంటుంది, మాట వింటుంది."

"నా సీట్లో మొద్దుని పెట్టావేంటి బాబాయ్?" అంది గోడ.

"పోలిక నేను చెప్పలేదమ్మా, నువ్వే చెప్పావ్."

నవ్వులు, తోపులాటలు. వాళ్లతోపాటే విమానం దిగిన మేనేజరు మొదట నవ్వి, తర్వాత సంగతి అర్థమై నాలుక్కరుచుకున్నాడు. ఇంకో బస్సు పిలిచే తీరిక లేదు. ఒక్కొక్కరూ ఒక మొక్కను ఒళ్లోకి తీసుకుని సర్దుకున్నారు. ఒళ్లో పట్టనివి నడవలో చేరాయి. గోడ తన కుండీని వాటేసుకుని, పక్కనున్న అమ్మాయికి తన ధోరణిలో చెబుతోంది. గోడ కాలేజీలో సైన్సు చదువుతోంది.

"విమానం పైకెక్కేటప్పుడే ఎక్కువ ఇంధనం తాగుతుందే. దూరం వెళ్లేదైతే ఎక్కాక హాయిగా సాగుతుంది. మనది ఎక్కగానే దిగుతుంది. అంటే ఎక్కడానికే పొగంతా. ఈ పిల్ల మొక్క ఆ పొగ తాగాలంటే నేను ముసలిదాన్నై, నా మనవరాలు గోల్‌కీపరై..."

"నీ మనవరాలు కూడా డిఫెండరే. నీ పోలికే" అంది బొంగరం.

అందరూ ఎక్కారో లేదో చూసుకుని కెప్టెన్ ఆఖరున ఎక్కింది. వెనక్కి చూసింది. ఆఖరి వరస నిండా కొమ్మలు, దారి నిండా కుండీలు. అడుగు పెట్టే సందు లేదు. ఖాళీగా ఉన్నది ఒక్క సీటే.

డ్రైవరు అద్దంలోకి చూడకుండా, అవసరం లేకపోయినా స్టీరింగు తుడిచాడు. ఇది తను అనుకుని చేసింది కాదు. మొక్క పెట్టడానికి చెయ్యి రాక వదిలేశాడు, అంతే. కానీ ఇప్పుడా మాట చెప్పినా ఎవరు నమ్ముతారు?

ఆమె కూర్చుంది. నడవలో ఉన్న కుండీని తీసి ఒళ్లో పెట్టుకుంది. బస్సు కదిలింది.

రెండు కూడళ్లు దాటాయి. తర్వాత కాస్త ఇటు జరిగి, "స్ప్రింగు ఇంకా గుచ్చుతోందే!" అంది.

"మీ నాన్న బాగు చెయ్యనిచ్చేవాడు కాదుగా. మెత్తగా ఉంటే నిద్రొస్తుందనేవాడు."

వెనక అమ్మాయిలు గొంతులు పెంచి మాట్లాడుకుంటున్నారు, కావాలనే.

"మావయ్యా, విమానానికి సరే అన్నది నేనే."

అతను గేరు మార్చాడు.

"మేనేజరుగారు నన్నే అడిగారు. నాన్న చోట ఇంకా ఎవరూ రాలేదు కదా. వద్దంటే మానేసేవారు. అలసట తగ్గుతుందని నేనే చెప్పాను. అలసటా లేదు, ఏమీ లేదు. ఆఖరి వరసలోంచి చూస్తే నేరుగా ఈ సీటే కనిపిస్తుంది."

ముందు ఎర్ర దీపం వెలిగింది. అతను బస్సు ఆపి, అప్పుడు ఆమె వైపు చూశాడు. కుండీలోని ఆకులు ఆమె గడ్డానికి తగులుతున్నాయి.

"ఖాళీ సీటు చూడలేక, నాకు ఖాళీ బస్సు ఇచ్చావన్నమాట" అన్నాడు.

ఆమె ఏడుస్తుందనుకున్నాడు. నవ్వింది. నవ్వుతూనే ముక్కు చీదింది. "ఎంత పని చేశాను! పైగా ఇంత పొగ!" అంది. "నీకు ఎలా ఉండేది మావయ్యా?"

"మీరు లేకపోతే బస్సు బోలెడంత చప్పుడు చేస్తుందే అమ్మడూ. ప్రతి కిటికీ మాట్లాడుతుంది. సీటు సంగతంటావా, అది నా మోచేతి పక్కనే ఉంది. నేను రోడ్డు చూశాను."

ఆ పాత జవాబు వినగానే ఆమె అతని భుజం మీద చిన్నగా గుద్దింది. వెనక కారు హారన్ కొట్టింది. పచ్చ దీపం ఎప్పుడో వెలిగింది.

మ్యాచ్‌లో చెరో గోలు పడింది. మన గోలు బొంగరం కొట్టింది. ఆఖరి నిమిషాల్లో అవతలివాళ్లు కొట్టిన బంతిని కెప్టెన్ గాల్లోకి ఎగిరి వేలికొసలతో బయటికి నెట్టింది. ఆట అయ్యాక గేటు బయట మేనేజరు స్వయంగా గొయ్యి తవ్వాడు. ఒక మొక్క నాటారు. అవతలి జట్టువాళ్లు ముచ్చటపడి తమ గోలుకూ ఒకటి అడిగి నాటుకున్నారు. ఫొటోలు తీశారు. అందరూ చప్పట్లు కొట్టాక, మేనేజరు బస్సులోకి తొంగి చూశాడు. నాటినా నాటకపోయినా తేడా తెలియనంత అడవి అలాగే ఉంది.

"సరే, పదండి. ఎయిర్‌పోర్టుకి" అన్నాడు.

"మేం బస్సులోనే వస్తాం సార్" అంది కెప్టెన్.

"అదేంటి! టికెట్లు?"

"పొద్దున వచ్చేటప్పుడు సీటు బెల్టులు సరిగ్గా పట్టక మూడు కుండీలు పగిలాయి సార్" అంది బొంగరం, కళ్లార్పకుండా. "ఒళ్లో పెట్టుకునేవాళ్లు లేకపోతే ఇంటికి మట్టే చేరుతుంది."

డ్రైవరు తన బస్సులో పగలని మూడు కుండీల గురించి కిక్కురుమనలేదు. ఒక్కరోజులో ఇది రెండోసారి.

మేనేజరు ఎటూ తేల్చుకోలేకపోయాడు. విమానంలో ఎవరో ఒకరు ఎక్కాలి కదా, స్పాన్సరుకు ఏం చెబుతాం అనుకుని, జట్టు టికెట్లన్నీ జేబులో పెట్టుకుని ఒక్కడే వెళ్లాడు.

ఊరు దాటింది. పొద్దు వాలుతోంది. పెద్దక్క నిండుగా, బరువుగా, ఎత్తు రోడ్డు మీద మూలుగుతూ ఎక్కుతోంది. కెప్టెన్ ఒంటి సీట్లోంచి లేచింది. స్ప్రింగు గుచ్చని వైపు చూసుకుని, రోడ్డుకు వీపు పెట్టి, వెనక్కి తిరిగి కూర్చుంది. గొంతు సవరించుకుంది.

"ఏం చూశారు?"

గోడ లేచింది.

"మా వెనక ఒకావిడ వేలికొసలతో బంతిని ఆపడం చూశాను. వాళ్ల నాన్న చూసి ఉంటే ఆ రాత్రి నిద్రపోయేవాడు కాదు" అంది. "ఏడవకూడదని రూలుంది కాబట్టి కూర్చుంటున్నాను."

ఆ తర్వాత ఆపేవాళ్లు లేరు. ఒకరి మాట మీద ఒకరు, ఒళ్లో కుండీలతో సహా లేచి నిలబడి చెప్పారు. బొంగరం వంతు వచ్చేసరికి బస్సు ఊగి, ఆమె ముఖం ఆకుల్లో కూరుకుపోయి, చెప్పింది ఎవరికీ అర్థం కాకపోయినా కడుపు పట్టుకుని నవ్వారు. చివరికి డ్రైవరు వంతు వచ్చింది.

"మావయ్యా, నువ్వేం చూశావ్?"

"రోడ్డు చూశాను" అన్నాడు. అందరూ నవ్వాక, "ఈసారి అద్దంలో కూడా చూశాను" అన్నాడు.

అప్పుడే ఫోను మోగింది. కెప్టెన్ తీసింది. మేనేజరు.

"నేను దిగి చాలాసేపైంది. ఎక్కించుకోడానికి బస్సేదీ?"

ఏర్పాటు ప్రకారం అక్కడ బస్సు ఉండాలి మరి. "వస్తోంది సార్, నీడలో కూర్చోండి" అని చెప్పి, ఫోను పెట్టేసి, ఆమె నవ్వు ఆపుకోలేక కుండీ మీదికి వాలిపోయింది.

సొంత నగరం ఎయిర్‌పోర్టు గేటు దగ్గర మేనేజరు బ్యాగు మీద కూర్చుని ఉన్నాడు. బస్సెక్కాడు. చోటు లేదు. మెట్టు మీదే కూర్చోబెట్టి ఒళ్లో ఓ కుండీ పెట్టారు.

"సార్, మీరేం చూశారు?" అని అడిగింది బొంగరం.

"ఏం చూడటం! ఎక్కాను. టీ ఇచ్చారు. తాగేలోపు దిగమన్నారు. చుట్టూ మీ సీట్లన్నీ ఖాళీ." కుండీలో మట్టిని వేలితో సర్దాడు. "కిందికి చూస్తే రోడ్డు మీద పోయే ప్రతి బస్సూ మనదే అనిపించింది."

ఎవరూ నవ్వలేదు. గోడ ముందుకు వంగి అతని భుజం తట్టింది.

మర్నాడు మొక్కలన్నీ దింపి షెడ్డు గోడ వెంట పెట్టారు. అక్క రోజూ వచ్చి నీళ్లు పోస్తోంది. కూతురూ వస్తోంది, ఒక్కోసారి ఇద్దరూ కలిసి వస్తున్నారు. డ్రైవరు ఒంటి సీటు స్ప్రింగు బాగు చేస్తానంటే మేనకోడలు ఒప్పుకోలేదు. స్పాన్సరుతో తానే మాట్లాడతానని మేనేజరు అన్నాడు గానీ, ఇంకా మాట్లాడలేదు. వచ్చే మ్యాచ్‌కు తీసిన విమానం టికెట్లు అలాగే ఉన్నాయి. మిగిలిన మొక్కలు నాటడానికి ఇంకా చోటు చూడలేదు.